మామ శ్రుతి పెట్టిన నాలుగు తీగలు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది అత్వెల్లిలో మైకు సెట్లు కిరాయికిచ్చే అన్న. మా మేనమామతో కలిసి పెళ్లి ఆర్కెస్ట్రాలకు ఏళ్ల తరబడి తిరిగినవాడు. మధ్యాహ్నం ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. నేను కుట్టు మిషన్ ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. ఆయన ట్రాలీ ఆటో మా గల్లీలో వచ్చి ఆగింది. వెనక స్పీకర్ బాక్సులు లేవు. ఆయన ఒక్కడే దిగాడు, మామ బేస్ గిటార్‌ను కవరు కూడా లేకుండా రెండు చేతుల మీద పెట్టుకుని.

"చెల్లె, ముందుగాల గిది దీస్కో."

"మామ ఏడన్నా?"

"దీస్కో చెల్లె. ఏడ పడేస్తనో."

తీసుకున్నాను. మామ తన బేస్‌ను ఇంకొకరి చేత మోయించడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆటో ఎక్కితే ఒళ్లోనే, బస్సు ఎక్కితే ఒళ్లోనే. అది నా చేతుల్లోకి రాగానే మిగతాది ఆయన చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. అయినా ఆయన అరుగు మీద కూలబడి చెప్పాడు. శామీర్‌పేట రోడ్డులో ఫంక్షన్ హాలు. స్టేజీ మీద అన్నీ సర్దుకున్నారు. మామ శ్రుతి చేసుకున్నాడు. ఒక్కో తీగనూ ఒక్కసారి మీటి, "అయిపాయె, ఇగ నువ్వు మైకు జూడు" అన్నాడట. స్పీకర్ బాక్సు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడట. నీళ్లు వచ్చేసరికి గోడకు ఒరిగిపోయి ఉన్నాడు. పెళ్లికొడుకు తరఫువాళ్లు పాపం తమ కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలోనే అయిపోయిందన్నారు. గుండె అన్నారు. అత్తమ్మను ఫోన్ చేసి నేరుగా అక్కడికే పిలిపించారట.

"ఒక్క పాటన్న వాయించిండా అన్నా?" అని అడిగాను. అదెందుకు అడిగానో నాకు తెలియదు.

"లేదు చెల్లె. శ్రుతి జేసిండు. గంతే."

ఆ చల్లని స్వామి దయవల్ల నాకు ఆ కబురు ఫోన్‌లో రాలేదు. మామను ఎరిగిన మనిషి, మామ వస్తువును చేతుల్లో పట్టుకుని, నా ముందు ఏడుస్తూ చెప్పాడు. ఆయన చల్లగా ఉండాలి.

మాది దేవరయాంజాల్. మా ఇల్లూ మామ ఇల్లూ ఒకే గోడకు ఇటూ అటూ. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి పంపితే సగం దారిలో కూర్చుండిపోయేదాన్ని, అందుకని మూడో తరగతితో మానిపించారు. అవ్వ తన భజనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, రాములవారి పాటల్లోని అక్షరాలు వేలితో చూపించి నాకు చదువు చెప్పింది. లెక్కలు మామ చెప్పాడు, తాళం వేయిస్తూ. ఆయనకూ అత్తమ్మకూ పిల్లలు లేరు. నన్ను "కోడలా" అని పిలిచేవాడు గానీ కూతుర్ని చూసినట్టే చూశాడు. ఇంట్లోనే చదువుకున్న నాకు బయటి ప్రపంచం చాలావరకు ఆ నాలుగు తీగల మీదుగానే వచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బేస్ గిటార్‌కు నాలుగే తీగలు, వేలెడు లావు కాకపోయినా మామూలు గిటార్ తీగలకంటే బాగా లావు. గొంతు కూడా లావే. పాటలో అది వినిపించిందని ఎవరూ అనరు. అది లేకపోతే మాత్రం పాట నేల మీద ఆనదు. ఎడమచేతి వేళ్లు తిరిగే పొడుగాటి భాగాన్ని మెడ అంటారు. ఎక్కువగా అది కట్టెతోనే చేస్తారు. మామ మొదటి గిటార్‌దీ కట్టె మెడే. పెళ్లిళ్ల సీజన్ అంటే ఎండాకాలం కదా, షామియానా కింద ఆ మెడ ఒక తీరుగా ఉండేది, మృగశిర వచ్చి రెండు చినుకులు పడగానే ఇంకో తీరుగా వంగేది. లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని చిన్న కీతో అటో ఇటో తిప్పి మెడను సరిచేయాలి. ప్రతి కాలానికీ మామకు అదే పరేషాన్.

అలాంటి రోజుల్లో సిటీలో ఏదో హోటల్ బ్యాండులో వాయించి మానేసి మేడ్చల్‌లో ఉంటున్న పెద్దాయన దగ్గర గ్రాఫైట్ మెడ ఉన్న బేస్ ఒకటుందని విన్నాడు. నల్లటి మెడ. బొగ్గు నారలను జిగురులో కలిపి అచ్చు పోసినదట. ఎండకు వంగదు, వానకు ఉబ్బదు. లోపల కడ్డీ కూడా లేదు, అవసరం లేదని. మామ తన మోటార్ సైకిల్ ఆయనకిచ్చి దాన్ని తెచ్చుకున్నాడు. మేడ్చల్ నుంచి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో దిగిన రోజు అత్తమ్మ గడపలోనే నిలబడింది.

"బండేది?"

"ఇగో, గిదే."

"బండిచ్చి కట్టె దెచ్చినవా?"

"కట్టె గాదే. గ్రాఫైట్. పెన్సిల్ల ఉంటది సూడు, అసుంటిది."

అత్తమ్మ గల్లీ అంతా వినపడేటట్టు అన్నది: "సూడుండ్రమ్మా, బంగారమసుంటి బండి అమ్ముకోని బొగ్గు దెచ్చిండు మా ఆయన! ఇగ పొయ్యిల వెట్టుకుంట."

ఆ తర్వాత మామ పనికి పోయేటప్పుడల్లా "బొగ్గు మరిచిపోయినవా?" అని అడిగేది. మరిచిపోయే మనిషి కాదని తెలిసే అడిగేది.

నాకు దాన్ని ముట్టుకోనిచ్చిన మొదటి రోజు, మెడ చల్లగా తగిలింది. ఎండాకాలం మధ్యాహ్నం, రేకుల కింద, అయినా చల్లగా. "సల్లగుంది మామా" అంటే నవ్వి, "సల్లగుండు అని దీవిస్తాంది" అన్నాడు. అప్పటినుంచి నేర్పాడు. నేను స్టేజీ ఎక్కే మనిషిని కాదు. శనివారం సాయంత్రం గుడిలో భజనకు కూర్చునేదాన్ని. ఒక శనివారం మామ బేస్‌నూ ఒక చిన్న స్పీకర్‌నూ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. హార్మోనియం వాయించే తాత, మా బృందానికి పెద్ద, కళ్లద్దాలు పైకెత్తి చూశాడు.

"గుళ్లె సినిమా వాద్యమేంది?"

"ఒక్క పాట ఇను తాతా. నచ్చకపోతే నేనే బయట పడేస్త" అన్నాడు మామ.

ఒక్క పాట అయింది. రెండో పాట ఎత్తుకునే ముందు తాత నా వైపు తిరిగి, "ఏం జూస్తవ్ బిడ్డా, వాయించు" అన్నాడు. అది అనుమతి. ఆ తర్వాత పెళ్లి పని లేని శనివారాల్లో మామ కూడా వచ్చి తాత పక్కన కూర్చునేవాడు, ఒక పాట తను, ఒక పాట నేను.

గ్రాఫైట్ మెడకు ఏమీ చేయాల్సిన పని లేదని అందరూ అనుకుంటారు. మామ అలా అనుకోలేదు. అల్వాల్‌లో గిటార్లు బాగుచేసే అతను మొదట్లోనే చెప్పాడు: దీనికి కడ్డీ లేదు గనుక ఎప్పుడైనా వంగిందంటే తిప్పి సరిచేయడానికి లోపల ఏమీ ఉండదు, జాగ్రత్త అని. అందుకని ఎక్కడికి పోయివచ్చినా మామ కాళ్లు కడుక్కోకముందే దాన్ని తుడిచేవాడు. అవ్వ నేత చీర ముక్క ఒకటి దానికోసమే ఉండేది. ముందు తీగలు, తర్వాత మెడ వెనక, తర్వాత మెడకు అడ్డంగా ఉండే సన్నటి ఇనుప మెట్ల మధ్య. చెమటలో ఉప్పుంటుంది, తీగలను తినేస్తుంది అనేవాడు. తీగల గొంతు మూసుకుపోతే విప్పి నీళ్లలో మరిగించేవాడు, అత్తమ్మ పప్పు గిన్నెలో. "ఇయ్యాల మా ఇంట్ల తీగల చారు, తింటానికి రా" అని అత్తమ్మ గోడ మీదుగా నన్ను పిలిచేది.

పోయే ముందు కొన్ని నెలలు మామ ఆ గిటార్‌తో ఏదో చేస్తూ ఉన్నాడు. కింద బ్రిడ్జి దగ్గర తీగలు ఆనే చిన్న చిన్న ఇనుప ముక్కలను సన్నటి కీతో కొంచెం కొంచెం దించేవాడు. దించి, నా చేతికిచ్చి, "వత్తు" అనేవాడు. వత్తితే, "ఇంకా గట్టిగున్నదా?" అని అడిగేవాడు. ఎంత దించాడంటే లావు తీగ మూడో మెట్టు దగ్గర మెట్టుకు తగిలి బర్రుమని మోగేది.

"బర్రుమంటాంది మామా, పైకి లేపు."

"నీకు ఇనవడుతది. జనాలకు ఇనవడది."

"నీకు ఇనవడదా?"

"నాకు గిట్లనే మంచిగున్నది, పో."

నేను ఒప్పుకున్నాను. ఆయన గిటార్, ఆయన చెవి.

ఆయన పోయిన రోజు సాయంత్రం, మామ ఇల్లంతా మనుషులతో నిండిపోయి ఉంటే, నేను లోపలి గదిలో బేస్‌ను గోడకు ఆనించి, దాని ముందు కూర్చున్నాను. ఆ రోజు దాన్ని ఎవరూ తుడవలేదు. తీగల మీద మామ వేళ్ల చెమట అలాగే ఉంది. తుడిస్తే అది పోతుంది, తుడవకపోతే తుప్పు పడుతుంది. అవ్వ చీర ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు ఉండిపోయాను. చివరకు తుడిచాను, ఎందుకంటే ఆయన ఉంటే కాళ్లు కడుక్కోకముందే చేసేవాడు. పైన తీగలు బిగించే బిరడాలకు మాత్రం చెయ్యి తగలనివ్వలేదు.

అప్పుడే నాకు తట్టింది. ఆ బిరడాలను ఆఖరుసారి తిప్పింది మామ. ఆ శ్రుతి ఇంకా వాటిలోనే ఉంది. చావు జరిగిన ఇంట్లో వాద్యం మోగకూడదు. అందుకని చెవిని గిటార్ ఒంటికి ఆనించి, గోటితో తీగను తాకీ తాకనట్టు తాకాను. ఒంటి కట్టెలోంచి లోపల్లోపలే వచ్చింది ధ్వని. మామ శ్రుతే. లావు తీగను ఆయన ఎప్పుడూ ఉండాల్సిన శ్రుతికంటే వెంట్రుక వాసి దించి పెట్టేవాడు. గట్టిగా మీటితే తీగ శ్రుతి పైకి పోతుంది, అందుకని ముందే దించి ఉంచాలి అనేవాడు. ఆ వెంట్రుక వాసి కూడా అక్కడే ఉంది.

మామ గొంతు నా దగ్గర ఎందులోనూ లేదు. ఫోన్‌లో రికార్డు చేసుకోవాలని ఎప్పుడూ తోచలేదు, గోడకు అవతలే ఉండే మనిషి. ఇక ఆయనది అని నాకు మిగిలింది ఆ నాలుగు ధ్వనులే. ఆ శ్రుతిని ఉంచుకోవాలి, ఎన్నాళ్లు ఉంటే అన్నాళ్లు. కట్టె మెడ అయితే వానాకాలం రాగానే దానంతట అదే పోయేది. ఇది గ్రాఫైట్. ఉండనిచ్చే మెడను ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. రోజూ పొద్దున అత్తమ్మకు చాయ్ పెట్టి ఇచ్చి, లోపలికి పోయి, చెవి ఆనించి వినేదాన్ని. ఉంది. మరునాడు కూడా ఉంది. బయట మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి, అయినా ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అందరూ ఏడుస్తున్న ఇంట్లో గిటార్ శ్రుతి గురించి ఏమని చెబుతాను?

పెద్దకర్మ రోజు భజన బృందమంతా వచ్చింది. నేను వంటల దగ్గర ఉన్నాను. ఇస్తరాకులు తీసుకుపోదామని గది ముందు నుంచి పోతుంటే లోపల హార్మోనియం తాత కనిపించాడు. నేల మీద కూర్చుని, బేస్‌ను ఒళ్లో పడుకోబెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవులు రామనామం అంటున్నాయి. నాలుగు తీగలూ వదులై మెడ మీద వేలాడుతున్నాయి.

మా బృందంలో ఒక ఆనవాయితీ ఉంది. వాయించే మనిషి పోతే, ఆయనతో కూర్చుని వాయించినవాళ్లు ఆయన వాద్యం బిగువు విప్పుతారు. ఢోలక్ అయితే తాళ్లు, ఏక్‌తార అయితే తీగ. ఆ బిగువు ఉన్నన్నాళ్లు పోయిన మనిషిని ఇక్కడి పని లాగుతూ ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకూ తెలుసు ఆ ఆనవాయితీ. కానీ కరెంటుతో మోగే ఈ వాద్యానికి కూడా తాత ఆ మర్యాద చేస్తాడని నాకు తోచలేదు. సినిమా వాద్యం అన్న మనిషి.

తాత కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఇప్పిన బిడ్డా. నాలుగు నేనే ఇప్పిన, ఇంకెవలనీ ముట్టనియ్యలే. మీ మామ నా పక్కన కూసున్నోడు. ఇగ ఆయనకు ఏ బరువు లేదు."

బిరడాలు తిప్పితిప్పి ఆయన ముసలి వేళ్లు ఎర్రబడి ఉన్నాయి. నేను ఇస్తరాకులు కింద పెట్టి ఆయన కాళ్లకు మొక్కాను. "నీకు పున్నెముంటది తాతా" అన్నాను. అబద్ధం కాదు. తర్వాత పెరట్లోకి పోయి, బోళ్లు తోమే చోట, నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. మామ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

అలా విప్పిన తీగలతోనే అది గోడకు ఆని ఉండిపోయింది. నేను ఆ గదిలోకి పోవడం మానేశాను. వానాకాలం సగమైంది. ఒక శనివారం అత్తమ్మే దాన్ని పట్టుకుని గోడ పక్కనుంచి వచ్చింది.

"ఏందే పిల్లా, బొగ్గును గట్లనే పండవెడ్తవా? గుడికి తీస్కపోవా?"

"తాత ఇప్పిండు కదత్తమ్మా."

"ఇప్పినోడే అడుగుతాండు. ఆ పిల్ల వస్తలేదేందని నిన్న నన్ను తొవ్వల ఆపి అడిగిండు. కట్టు."

కూర్చుని కట్టాను. మైకు సెట్ అన్న ఇదివరకే నా ఫోన్‌లో యాప్ ఒకటి వేసి పెట్టాడు, పచ్చ లైటు వస్తే శ్రుతి కుదిరినట్టే చెల్లె అని. నాలుగింటికీ పచ్చ లైటు వచ్చింది. సరైన శ్రుతే. మామది కాదు. లావు తీగను కొంచెం దించాను, ఎక్కువ అయింది. లేపాను, మళ్లీ ఎక్కువ. ఆ వెంట్రుక వాసి దొరకలేదు. అత్తమ్మ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్నే చూస్తోంది.

మూడో మెట్టు మీద వేలు పెట్టి మీటాను. బర్రుమంది. సరే, దీన్నైనా బాగుచేద్దామని సంచిలోంచి సన్నటి కీ తీసి బ్రిడ్జి దగ్గర పెట్టాను.

అత్తమ్మ చేతిలోని చిక్కుడుకాయను కింద పడేసింది.

"ముట్టకు."

"బర్రుమంటాంది అత్తమ్మా. కొంచెం లేపితే..."

"ముట్టకన్న గద. ఆయిన చేతికి ఎత్తుగున్న తీగలే మంచిగుంటయ్, నీకు ఎరికలేదా? ఎవలన్న దించితే కొట్లాడెటోడు. నీ వేళ్లు నొస్తయని దించిండు. నేను అడిగిన, బర్రుమంటాంది గదా, పెండ్లిళ్ల ఎవలన్న నవ్వరా అని. నవ్వితే నవ్వనియ్యి, రేపు ఆ పిల్ల వాయించెటియ్యి ఇవి అన్నడు."

"రేపు అంటే?"

అత్తమ్మ పడిన కాయను తీసుకుని, కొంగుకు తుడిచి, చాటలో వేసింది.

"ఛాతిల నొస్తాందని నాకు జెప్పలే పిల్లా. ఒక్కనాడు జెప్పలే. గీ బొగ్గుకు జెప్పుకున్నడు."

నేను కీని సంచిలో పెట్టేశాను. కట్టె మెడ అయితే, అన్నాళ్లు తీగల బిగువు లేకుండా వానాకాలంలో గోడకు ఆని ఉంటే, తిరిగి కట్టేసరికి ఎటో వంగి, తీగల ఎత్తు మారిపోయి ఉండేది. ఇది కదల్లేదు. బిగించగానే తీగలు మామ దించిన చోటికే వచ్చి ఆగాయి. శ్రుతి పోయింది, ఎత్తు మిగిలింది. ఇన్నాళ్లూ నేను చెవి ఆనించి వెతుక్కున్నది ఆయన కోసం ఆయన పెట్టుకున్నది. నా కోసం పెట్టింది నా వేళ్ల కింద ఉంటే, బర్రుమంటోందని విసుక్కున్నాను.

ఆ సాయంత్రం గుడికి పోయాను. తాత హార్మోనియం మీద శ్రుతి ఇచ్చి, మామ కూర్చునే చోటు చూపించాడు. కూర్చున్నాను. మూడో మెట్టు వచ్చినప్పుడల్లా బర్రుమంది. మైకు సెట్ అన్న భజనయ్యాక దగ్గరికి వచ్చి, "చెల్లె, గా మెట్టు కొంచెం ఆకురాయి వెడితే పోతది, నేను అల్వాల్ తీస్కపోత" అన్నాడు. "వద్దన్నా" అన్నాను. ఆయన నా ముఖం చూసి స్పీకర్ వైర్లు చుట్టుకోవడానికి పోయాడు.

ఇప్పుడు శనివారాలు వాయిస్తున్నాను. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోకముందే తుడుస్తున్నాను. తీగలు పాతబడ్డాయి, ఒకటి తుప్పు పట్టడం మొదలైంది, ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి. మెడకు మాత్రం ఏమీ కాదు. నా తర్వాత కూడా అది అలాగే ఉంటుందేమో. ఆ మాట తలుచుకుంటే ధైర్యం రావాలి, నాకు ఏడుపు వస్తుంది. లావు తీగ దగ్గర ఆ వెంట్రుక వాసి కోసం రోజూ వెతుకుతాను. ఒక్కోరోజు దొరికిందనిపిస్తుంది. గట్టిగా మీటితే కాదని తెలుస్తుంది.

అవ్వకు, అత్తమ్మకు, తాతకు, ఆ మధ్యాహ్నం గిటార్‌ను చేతుల మీద మోసుకొచ్చిన అన్నకు, అందరికీ నేను ఋణపడి ఉన్నాను. కానీ ఇది చదువుతున్న మిమ్మల్ని అడిగేది ఒక్కరి కోసమే. ఎప్పుడైనా ఏ పెళ్లిలోనో భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు, పాట పాడే మనిషి గొంతు కింద, నేలలోంచి వచ్చినట్టు ఒక లావు ధ్వని మీ అరికాళ్లకు తగిలితే, తలెత్తి స్టేజీ మీద వెనక మూల చూడండి. స్పీకర్ బాక్సు పక్కన ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఆయన మా మామ కాదు. అయినా ఆ ఒక్క క్షణం మా మామను తలుచుకోండి. పేరు అక్కర్లేదు. శ్రుతి పెట్టుకుని, పాట మొదలుకాకముందే పోయిన మనిషి అని తలుచుకుంటే చాలు.